ప్రామాణిక బాల

ఫోను మోగేసరికి కౌముది పెనం మీద దోసెను గుండ్రంగా తిప్పడానికి తంటాలు పడుతోంది. పెళ్ళయిన కొత్త. ఇంట్లో ప్రతి పనీ ఇంకా పండగలాగే ఉంది. కుళాయి తిప్పగానే నీళ్ళొచ్చినా ముచ్చటే, రాకపోయినా ముచ్చటే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉండటం చూసి రోజూ పొద్దున్నే ఓసారి నవ్వుకుంటుంది. భర్త అభిరామ్ పాలిటెక్నిక్‌లో లెక్చరరు. పెనం మీదకి తొంగిచూసి, "ఇది ఏ జిల్లా మ్యాపు?" అని అడిగి, అట్లకాడతో చేతి మీద ఓ దెబ్బ తిన్నాడు.

ఫోనులో ఆఫీసు సూపరింటెండెంటు. "శుభవార్తండి మేడంగారూ. మీరు ఫెలో అయిపోయారండి."

కౌముది కాకినాడలో బాల వికాస సమగ్ర కేంద్రం అనే చోట స్పీచ్ థెరపిస్టు. ఎదుగుదలలో వెనకబడిన పిల్లలు, మాట రాని పిల్లలు, నడక కుదరని పిల్లలు అక్కడికి వస్తారు. అలాంటి పిల్లలకు సేవ చేసేవాళ్ళను మరింత నిష్ణాతులుగా తీర్చిదిద్దడానికి ఆ కేంద్రం ఈ ఏడు కొత్తగా క్లినికల్ ఫెలోషిప్ పెట్టింది. దానికి కౌముది ఎంపికైంది.

ఆమె అభిరామ్ రెండు చేతులూ పట్టుకుని వంటింట్లో గిర్రున తిరిగింది. దోసె మాడింది. ఆ మాడు వాసన కూడా ఆమెకి బాగానే ఉంది.

"కౌముది, కామా, ఫెలో," అని గట్టిగా అని చూసుకుంది. "ఎలా ఉంది, అభీ?"

"కామా బాగుంది," అన్నాడు అభిరామ్.

ఆ పూటే అత్తగారికి ఫోన్ చేసింది. భర్తని అప్పటిదాకా 'అభీ, నువ్వూ' అన్న నోటితోనే, "ఏవండీ, అత్తయ్యగారు లైన్లో ఉన్నారు, రండి" అని పిలిచింది. అత్తగారు అంతా విని, "అంటే ఇప్పటిదాకా రాకుండానే పిల్లలకి నేర్పుతున్నావా అమ్మా?" అని అడిగారు. కౌముది ఆ ప్రశ్నని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

ఫెలోషిప్ మొదలైన రోజు కేంద్రంలో జ్యోతి వెలిగించారు. ముగ్గురు ఫెలోలకీ లేత నీలం కోట్లు ఇచ్చారు. కౌముదితో పాటు ఫిజియోథెరపిస్టు మస్తాన్ వలీ, చేతిపనులు నేర్పే జెస్సీ. కేంద్రంలో ఉన్న థెరపిస్టులే ఆ ముగ్గురు. కౌముది ఆ కోటు వేసుకుని, అద్దం లేక, మందుల బీరువా గాజు తలుపులో మూడుసార్లు చూసుకుంది. మూడోసారి చూసుకుంటుంటే వెనక నుంచి ఎవరో కోటు పట్టి లాగారు.

దీపు. అసలు పేరు దేదీప్య. ఐదేళ్ళ పిల్ల. ఇంకా మాట రాలేదు. ప్రతి మంగళవారం తల్లి సత్యవేణితో జగన్నాథపురం నుంచి వస్తుంది. కౌముది నేల మీద కూర్చుని, ఓ సీసాలోని సబ్బునీళ్ళతో బుడగలు ఊదుతుంది. ఊది, సీసా మూత బిగించేసి, ఆగుతుంది. అంతే చికిత్స. మాట్లాడకూడదు, 'కావాలా అమ్మా' అనకూడదు, చేయి పట్టి చూపకూడదు. పిల్ల తనంతట తను అడిగేదాకా ముఖం నిండా ఆశ పెట్టుకుని కాచుకోవాలి. నిద్రలో కూడా మాట్లాడుతుందని మొగుడు వేళాకోళం చేసే కౌముదికి ఆ మౌనం పెద్ద శిక్ష. అయినా నేర్చుకుంది. దీపు బుడగలన్నీ పేలిపోయేదాకా చూస్తుంది. తర్వాత కిటికీకేసి చూస్తుంది. తర్వాత తన జోళ్ళకేసి. ఇక మర్చిపోయిందిలే అనుకునే వేళకి నెమ్మదిగా వేలు చాచి సీసా మూతని తాకుతుంది. 'ఇంకా' అని దాని అర్థం. ఈమధ్య మూత తాకేటప్పుడు పెదవులు కూడా దగ్గరికి తెస్తోంది. ఇవాళో రేపో ఓ శబ్దం వస్తుందని కౌముది నమ్మకం.

ఆమె దీపు చేయి పట్టుకుని గదిలోకి నడవబోయింది. డైరెక్టరు గుణశేఖరంగారు అడ్డం వచ్చారు.

"అమ్మా కౌముదీ, తమరు ఇప్పుడు శిక్షణలో ఉన్నారు. శిక్షణలో ఉన్నవారు అనగా శిక్షణ పూర్తికానివారు. శిక్షణ పూర్తికానివారు పిల్లలను తాకరాదు. గుణాత్మక ప్రమాణాల దృష్ట్యా ఇది మౌలిక సూత్రం."

"నిన్నటిదాకా చూశాను కదండీ?"

"నిన్న తమరు శిక్షణలో లేరు. కావున తమరి శిక్షణ అసంపూర్తిగానూ లేదు."

"మరి ఈ పిల్లని ఎవరు చూస్తారండీ?"

"తమరే చూస్తారు. ఫెలోషిప్ ముగిసిన పిమ్మట."

కౌముదికి అందులో ఎక్కడో తిరకాసు ఉందనిపించింది. కానీ కోటుకి లోపల ఇంకో జేబు ఉందని అప్పుడే కనిపెట్టింది. ఆ సంతోషంలో తిరకాసు సంగతి కాస్త వెనక్కి పోయింది. దీపుని సత్యవేణికి అప్పగిస్తూ, "కొన్నాళ్ళేనండి, ఆ తర్వాత మరీ బాగా చూస్తాను," అంది.

సత్యవేణి బట్టలు కుట్టి బతికే మనిషి. "మీకు పెద్ద చదువొచ్చిందంటగా మేడంగారూ, మాకూ సంతోషమేనండి," అంది. "దీపుకి మాత్రం ఎలా చెప్పాలో తెలీట్లేదండి. మంగళారం వస్తే చాలు, తెల్లారకుండానే జోళ్ళేసేసుకుని గుమ్మంలో నిలబడిపోద్దండి."

పిల్లలు లేకుండా పిల్లల వైద్యం నేర్పడం ఎలా అన్న ప్రశ్న గుణశేఖరంగారిని ఒక్క పూట కూడా ఇబ్బంది పెట్టలేదు. మొదట ఓ ప్లాస్టిక్ బొమ్మ తెప్పించారు. ఫెలోలు దాని ముందు కూర్చుని బుడగలు ఊదారు. బొమ్మ ఏ పేచీ పెట్టకుండా సహకరించింది గానీ ప్రగతి చూపించలేదు. "బొమ్మలో స్పందన లోపించింది" అని డైరెక్టరు పెదవి విరిచి, ఫెలోలలోనే ఒకరు పిల్లగా కూర్చోవాలని నిర్ణయించారు.

మస్తాన్‌ని కూర్చోబెట్టారు. అతనికి గడ్డం ఉంది. జెస్సీని కూర్చోబెడితే నవ్వు ఆపుకోలేకపోయింది. కౌముది కూర్చుంది. దీపు ఎలా కూర్చుంటుందో, కళ్ళు ఎటు పోతాయో, వేలు ఎలా వస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. గుణశేఖరంగారు ముగ్ధులైపోయారు.

"అద్భుతం! నిజమైన పిల్లలతో చిక్కేమిటంటే, వారు ప్రామాణికంగా ఉండరు. ఒకరోజు ఉన్నట్టు మరో రోజు ఉండరు. జలుబు చేస్తుంది, మారాం చేస్తారు. నేటి నుండి ఈమె మన కేంద్రపు ప్రామాణిక బాల."

కౌముది మెడలో ఉన్న ఫెలో కార్డు పక్కన ఇంకో కార్డు చేరింది. నిజం చెప్పాలంటే ఆమె పొంగిపోయింది. ఒక మనిషికి రెండు కార్డులు! ప్రామాణికత కోసం రెండు జడలూ రిబ్బన్లూ తప్పనిసరి అన్నారు. రోజూ పొద్దున్నే అభిరామ్ కుర్చీ వెనక నిలబడి జడలు వేసేవాడు. ఎడమ జడ ఎప్పుడూ వంకరే వచ్చేది. అది విప్పి మళ్ళీ వేయడంలో కాఫీ చల్లారిపోయేది. లోకంలో ఇంత హాయైన ఉద్యోగం ఉంటుందా అనుకుంది కౌముది. మంగళవారాలు మటుకు హాల్లోంచి వెళ్ళకుండా వెనక మెట్ల మీదుగా వెళ్ళేది. బెంచీ మీద ఎవరు కూర్చుని ఉంటారో ఆమెకి తెలుసు.

పరీక్షలు మొదలయ్యాయి. మస్తాన్ బుడగలు ఊది, మూత బిగించి, ఆగాలి. ప్రామాణిక బాల మూత తాకితే పాసు. ఆమె మొదటిసారి దీపులాగే చేసింది. బుడగలు చూసింది, కిటికీ చూసింది, జోళ్ళు చూసింది. మస్తాన్‌కి చెమటలు పట్టాయి.

"అమ్మా తల్లీ," అని గొణిగాడు పెదవులు కదపకుండా. "సామర్లకోట బస్సు వెళ్ళిపోద్ది. మా ఆవిడ పుట్టింటి నుంచి వస్తోందివాళ. తొందరగా మాట రప్పించుకో."

కొత్త పెళ్ళికూతురికి ఆ బాధ అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది? తన ఇంట్లోనూ అభిరామ్ పకోడీలకి ఉల్లిపాయలు కోసుకుని కూర్చుంటానన్నాడు. రెండోసారి మస్తాన్ ఊదిన బుడగ నేలకి ఆనకముందే కౌముది గబుక్కున మూత తాకేసింది. మస్తాన్ పాసు. జెస్సీ పాసు. ఆ రోజు నుంచి ఎవరు ఊదినా అంతే. అందరూ నూటికి నూరు. అందరూ వెలుగుండగానే ఇంటికి. ఎవరికీ ఏ నష్టమూ లేదనుకుంది కౌముది, పకోడీ నోట్లో పెట్టుకుంటూ.

గుణశేఖరంగారు ఆ ఫలితాలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంత నిలకడైన ఫలితాలు ఆయన ఎక్కడా చూడలేదు. వెంటనే కేంద్రమంతటికీ ఒక సూత్రం ప్రకటించారు. దానికి 'బుడగ ప్రమాణం' అని పేరు. ఊదిన బుడగ నేలను తాకేలోగా పిల్ల 'ఇంకా' అని కోరవలెను. అట్లు కోరిన పిల్ల చికిత్సకు అర్హురాలు. కోరని పిల్ల ప్రమాణేతర.

ఇది పుస్తకంలో సూత్రంగానే ఉండిపోతే ఎవరికీ బాధ లేకపోను. కానీ హాల్లో పిల్లలు పెరిగిపోతున్నారు. చూసే ముగ్గురూ ఫెలోలైపోయారాయె. తల్లులు బెంచీల మీద, పిల్లలు నేల మీద. మొదట్లో ఆయన "ఇది మన సేవలకు గల గిరాకీ" అని మురిశారు. తర్వాత నడవడానికి దారి లేకపోవడంతో, బుడగ ప్రమాణాన్ని హాలుకి వర్తింపజేశారు. ఫెలోలు పిల్లల్ని తాకకూడదు కనుక సూపరింటెండెంటే సీసా పట్టుకుని బయల్దేరాడు. గాలికి బుడగలు ఎగిరితే ప్రమాణం చెడుతుందని ఫ్యాన్లు ఆపించారు. మధ్యాహ్నానికల్లా హాలు ఖాళీ. శుభ్రంగా తుడిచారు కూడా.

సాయంత్రం కౌముది రిబ్బన్లు విప్పకుండానే గేటు దాకా వచ్చేసరికి సత్యవేణి ఎదురైంది. దీపు ఆమె చంకలో ఉంది. ఐదేళ్ళ పిల్లని చంకనెత్తుకుందంటే చాలాసేపు ఏడిచి ఉంటుంది.

"తీసేశారండి మేడంగారూ. ప్రమాణం కాదంటండి. ఊదేసి ఎల్లిపోయాడండి ఆ బాబు. ఇది అప్పుడే ఏలు ఎత్తిందండి, ఈలోగా పక్క పిల్ల దగ్గరికి పోయాడు." సత్యవేణి కొంగుతో పిల్ల ముఖం తుడిచింది. "లోపల ఎవరో పిల్ల ఉందంటగా అండి? బుడగ కింద పడకుండానే అడిగేస్తదంట. ఆ పిల్లని ఓపాలి చూపిస్తారా అండి? ఆళ్ళమ్మ ఏం చేసి నేర్పిందో కనుక్కుంటాను. నేనూ అలాగే చేస్తాను."

కౌముది గబగబా ఓ రిబ్బను విప్పబోయింది. దీపు చేయి చాచి ఆమె రిబ్బను తాకింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని జరిగినదంతా చెప్పింది. అభిరామ్ మొదట నవ్వబోయాడు. "అంటే మా ఆవిడ జిల్లాలోకెల్లా చురుకైన పిల్లన్నమాట," అన్నాడు. ఆమె ముఖం చూసి ఆపేశాడు.

"నవ్వు, పరవాలేదు," అంది కౌముది. "పకోడీల కోసం తొందరపడి దీపు చోటు నేను తినేశాను. ఇంత చదువూ చదివి, రెండు జడలేసుకుని, ఓ ఐదేళ్ళ పిల్లతో పోటీపడి ఫస్టొచ్చాను."

"వెళ్ళి ఆయనకి చెప్పెయ్."

మర్నాడు చెప్పేసింది. "సార్, ఆ మార్కులు నిజం కాదండీ. బస్సు కోసం, ఇంటి కోసం తొందరగా ముట్టుకున్నాను. పిల్లలు అంత త్వరగా అడగరు. తమంతట తాము అడగాలనే కదండీ మనం ఆగేది!"

గుణశేఖరంగారు ఎంతో వాత్సల్యంగా చూశారు. "తప్పు చేయడానికి తమరికి అవకాశమే లేదమ్మా. ప్రమాణాన్ని తమరు ఉల్లంఘించలేరు. తమరు ఏది చేస్తే అదే ప్రమాణం. ఇక, విధానపరమైన అభిప్రాయాలు వ్యక్తం చేసే వయసు ప్రామాణిక బాలకు లేదు. వెళ్ళి ఆడుకోండి."

కౌముది తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. తను ఏది చేస్తే అదే ప్రమాణం. వెనక్కి తిరిగి, "థాంక్యూ సార్," అంది. డైరెక్టరుగారికి ఆ వినయం నచ్చింది.

ఆ వారంలోనే ఫెలోషిప్‌కి గుర్తింపు ఇచ్చే కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దలు. వాళ్ళకి అధ్యక్షురాలు డాక్టర్ అనసూయాదేవి, నెరిసిన ముడి, చేతిలో విసనకర్ర. గుర్తింపు రాకపోతే ఫెలోషిప్ లేదు, కార్డుల్లేవు, కోటు లేదు. ఆ సంగతి కౌముదికి తెలుసు. పొద్దున్న జడలు వేయించుకుంటూ, కోటుని ఓసారి వాసన చూసింది. కొత్త బట్ట వాసన ఇంకా పోలేదు.

ఇంత ముఖ్యమైన ప్రదర్శనని ఫెలోలకి వదలడం ఇష్టంలేక గుణశేఖరంగారు స్వయంగా నేల మీద కూర్చున్నారు. కూర్చోవడానికి ఇద్దరు సాయం పట్టారు. ఫ్యాన్లు ఆపారు. ఆయన ఊదారు. బుడగలు లేచాయి, మెరిశాయి, దిగాయి, ఒక్కొక్కటే నేల మీద పేలిపోయాయి.

ప్రామాణిక బాల కిటికీకేసి చూసింది.

"ఇప్పుడు కోరుతుంది," అన్నారు గుణశేఖరంగారు, కమిటీ వైపు తిరిగి.

ప్రామాణిక బాల తన జోళ్ళకేసి చూసింది.

"కోరబోతోంది."

కమిటీలో ఒకాయన దగ్గారు. మరొకాయన జేబులోంచి చాక్లెట్ తీసి చూపించి, అనసూయాదేవి కళ్ళెర్రజేస్తే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. గుణశేఖరంగారు సీసాని దగ్గరికి జరిపారు. "కావాలా తల్లీ? బుడగలు? బూ... బూ..." అన్నారు. ఆయన అంత తేలిక మాట పలకడం కేంద్రంలో ఎవరూ విని ఉండరు. మస్తాన్ గడ్డం గోక్కున్నాడు. జెస్సీ ఈసారి నవ్వలేదు.

కౌముదికి ముక్కు దురద పెట్టింది. గోక్కోలేదు. గదిలో పెద్దవాళ్ళంతా ఏదో ఒకటి చేసెయ్యమని తన మీద పడి తొందరపెడుతున్నట్టుంది. ఒక్కరి ముఖంలోనైనా తను చేసేదాకా ఆగుతామన్న ఓపిక లేదు. ఇలాంటి గదిలో దీపు వేలు ఎత్తగలగడమే గొప్ప అనుకుంది.

అప్పుడు అనసూయాదేవి విసనకర్ర పక్కన పెట్టారు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీదకి దిగి కూర్చున్నారు. ఏమీ అనలేదు. ఎదురుచూశారు. ఆవిడ ముఖంలోకి చూశాక కౌముది వేలు దానంతట అదే లేచింది. నెమ్మదిగా వెళ్ళి మూతని తాకింది.

గదంతా ఊపిరి పీల్చుకుంది.

"గుణశేఖరంగారూ," అన్నారు అనసూయాదేవి. "మీ ప్రమాణం బుడగ నేల తాకేలోగా అని రాశారు. ఇదెక్కడ? మీ ప్రమాణం తప్పా, మీ బాల తప్పా?"

గుణశేఖరంగారు కూర్చున్నచోటనే చిక్కుకుపోయారు. బాల తప్పంటే ఆమె మీద నిలబెట్టిన మార్కులన్నీ తప్పు. ప్రమాణం తప్పంటే దాన్ని ప్రకటించిన తాను తప్పు. తాను తప్పు కావడమన్నది ఆయన శిక్షణలో లేదు.

"రెండూ కాదండీ," అన్నారు గొంతు సవరించుకుని. "ప్రామాణిక బాల ఏది చేస్తే అదే ప్రమాణం. తదనుగుణంగా బుడగ ప్రమాణాన్ని ఇందుమూలముగా సవరిస్తున్నాము. బుడగలన్నియూ నేలను తాకిన పిమ్మట, పిల్లకు తోచినప్పుడు కోరవచ్చును."

"అయితే మీరు వెనక్కి పంపిన పిల్లలంతా?"

"సవరణ దరిమిలా అర్హులే. రేపటి నుండే పిలిపిస్తాము." ఆయనకి ధైర్యం తిరిగొచ్చింది. "అయితే, ప్రామాణిక బాల నిన్నటికంటే నేడు వెనకబడిన మాట కాదనలేము. ఆమెకు తక్షణం చికిత్స అవసరం. కానీ మస్తాన్, జెస్సీ శిక్షణలో ఉన్నారు గనుక పిల్లలను తాకరాదు."

"మీ నియమం పెద్దవాళ్ళకే కదా," అన్నారు అనసూయాదేవి, ముఖంలో నవ్వు కనపడనీయకుండా. "తోటి పిల్ల ఎవరైనా పక్కన ఉంటే చాలు. ఈ సవరించిన ప్రమాణం బాగా వచ్చిన పిల్ల ఎవరైనా ఉన్నారా?"

"ఉందండి," అన్నాడు మస్తాన్ వెనక నుంచి. "జగన్నాథపురం దీపు. ఆ పిల్ల ముందు నుంచీ ఇదే ప్రమాణమండి. మనకే ఆలస్యంగా వచ్చింది."

దీపుని రేపే పిలిపించమని గుణశేఖరంగారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. గుర్తింపు సంగతి, పిల్లలు మళ్ళీ వచ్చి నెల గడిచాక చూస్తామని కమిటీ లేచింది. కోటు ఉంటుందో ఊడుతుందో తేలలేదు. కౌముది ఆ సంగతి గేటు దాటేదాకా గుర్తు చేసుకోలేదు. సత్యవేణికి ఫోన్ చేసి, జరిగింది మొత్తం, తన నిర్వాకంతో సహా చెప్పింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. తర్వాత, "అయితే మేడంగారూ, ఆ పిల్ల మీరేనా అండి!" అని సత్యవేణి నవ్వింది. నవ్వి, తిట్టింది. తిట్టి, "ఎన్నింటికి తేమంటారండి?" అని అడిగింది.

ఇంటికొచ్చేసరికి అభిరామ్ గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమైంది? పాసా, ఫెయిలా?"

"వెనకబడ్డాను," అంది కౌముది, చెప్పులు విప్పుతూ, ముఖమంతా వెలిగిపోతూ. "రేపు కాలేజీకి సెలవు పెట్టెయ్, అభీ. సంరక్షకులు రాకపోతే లోపలికి రానివ్వరట. నువ్వు సత్యవేణిగారి పక్కన బెంచీ మీద కూర్చోవాలి. ఆవిడ ఇంకో రెండు తిట్లు మిగుల్చుకున్నానంది, వినాలి. పది గంటలకి దీపు నాకు క్లాసు తీసుకుంటుంది."